ఇంటి నుంచి, బ్రాంచి నుంచి టాలీ తెరిచేలా ఆఫీసులో వర్చువల్ సర్వర్ పెట్టుకునే పద్ధతి

విజయవాడ గవర్నర్‌పేటలో హెడ్డాఫీసు, గుంటూరు పట్నంబజారులో బ్రాంచి, నెలాఖరున ఇంటి దగ్గర కూర్చుని లెక్కలు చూసే ఒకరిద్దరు అకౌంటెంట్లు, ఊళ్లు తిరుగుతూ ఫోన్లో స్టాకు అడిగే సేల్స్ కుర్రాళ్లు. మందుల హోల్‌సేల్ అయినా, ఆటో విడిభాగాలైనా, మిర్చి కమిషన్ కొట్టయినా మన వైపు చాలా వ్యాపారాల తీరు ఇదే. అందరికీ కావలసింది ఒకే టాలీ, ఒకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ఇలాంటి 12 మంది పనిచేసే ఆఫీసుకు ఏం కొనాలి, ఏది ఏ వరసలో పెట్టాలి, ఎక్కడ దెబ్బతింటుంది అన్నది ఇక్కడ చెబుతున్నాం.

ముందు ఒక అలవాటు మానుకోవాలి. బ్రాంచి వాళ్లకు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి) ఇచ్చి, హెడ్డాఫీసు సిస్టంలోని టాలీ డేటా ఫోల్డర్‌ను షేర్ చేసి, బ్రాంచి సిస్టంలో టాలీ ఇన్‌స్టాల్ చేసి ఆ ఫోల్డర్‌ను చూపించడం చాలా చోట్ల చేసే పని. ఒక వోచర్ సేవ్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ డేటా ఫైళ్లను చిన్నచిన్న ముక్కలుగా చాలాసార్లు చదువుతుంది, రాస్తుంది. ఆఫీసు లోపలి కేబుల్ మీద ఒక్కోసారికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఇంటర్నెట్ మీద అదే 30 మిల్లీసెకన్లు అవుతుంది. విజయవాడ, గుంటూరుల మధ్య దూరం 35 కిలోమీటర్లే కావచ్చు, కానీ రెండు వేర్వేరు కంపెనీల లైన్లయితే ప్యాకెట్ హైదరాబాద్ మీదుగానో చెన్నై మీదుగానో తిరిగి రావచ్చు. దాంతో అరసెకనులో అయ్యే సేవ్ అరనిమిషం పడుతుంది. ఆ మధ్యలో లైన్ తెగితే సగం రాసిన డేటా పాడైపోతుంది. ఇంటర్నెట్ స్పీడు పెంచినా ఈ జబ్బు తగ్గదు. జాప్యం వేరు, స్పీడు వేరు.

కాబట్టి డేటా, ప్రోగ్రామ్ రెండూ ఒకే పెట్టెలో ఉండాలి. బయటికి తెర బొమ్మ మాత్రమే పోవాలి, లోపలికి కీబోర్డు, మౌస్ కదలికలు మాత్రమే రావాలి. లైన్ తెగినా సర్వర్ మీద టాలీ అలాగే తెరిచి ఉంటుంది. మళ్లీ కలిశాక సగం కొట్టిన వోచర్ ఎక్కడ ఆగిందో అక్కడే కనిపిస్తుంది. విండోస్‌లో దీన్ని రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ అంటారు. మాటల్లో అందరూ ఆర్‌డీపీ అనేస్తారు.

మరి ఇందులో వర్చువలైజేషన్, అంటే ఒకే పెట్టెను లోపల రెండు మూడు కంప్యూటర్లుగా విడగొట్టడం, ఎందుకు? ఒకే సర్వర్ మీద నేరుగా విండోస్ వేసి అందరినీ దాని మీదికి వదలొచ్చు కదా అనిపిస్తుంది. కానీ యూజర్ల పాస్‌వర్డ్‌లు ఉండే డొమైన్ కంట్రోలర్, జనం లాగిన్ అయ్యే సెషన్ హోస్ట్ ఒకే విండోస్ మీద ఉండకూడదు. ఒక క్లర్కు తెరిచిన చెడ్డ అటాచ్‌మెంట్ నేరుగా మొత్తం ఆఫీసు తాళాల గుత్తి ఉన్న గదిలోకి వచ్చినట్లవుతుంది. వర్చువల్ మెషిన్లుగా (వీఎంలుగా) విడగొడితే ఒకే పెట్టెలో రెండు గదులు ఏర్పడతాయి. పెట్టె పాడైనా వీఎం మొత్తాన్ని ఇంకో పెట్టె మీదికి ఎత్తి పెట్టుకోవచ్చు. ఈ రెండో లాభం విలువ మదర్‌బోర్డు పోయిన రోజున తెలుస్తుంది.

పెట్టె ఎంత ఉండాలి

12 మందికి లెక్క ఇలా వేయండి. సెషన్ హోస్ట్ విండోస్ తనకోసం 6 జీబీ ర్యామ్ తింటుంది. ఒక్కో మనిషికి టాలీ, ఎక్సెల్, ఒక బ్రౌజరు కలిపి 3 జీబీ అనుకోండి. మొత్తం 42. కాస్త ఊపిరి ఆడేందుకు 48 జీబీ ఇవ్వండి. డొమైన్ కంట్రోలర్‌కు 6, కింద ఉండి వీఎంలను నడిపే విండోస్ భాగం హైపర్-వికి 4. అంతా 58 అవుతుంది కాబట్టి 64 జీబీ కనీసం. బడ్జెట్ ఉంటే 96 పెట్టుకుంటే మరో నలుగురు చేరినా ఇబ్బంది ఉండదు. నిజానికి ర్యామ్‌ను మింగేది టాలీ కాదు, బ్రౌజరు. జీఎస్టీ పోర్టల్, బ్యాంకు సైట్లు, యూట్యూబు ఎవరి సిస్టంలో వాళ్లు చూసుకోవాలని మొదటి రోజే చెప్పేయండి. సర్వర్ మీద నడవాల్సింది ఆఫీసు ప్రోగ్రాములే.

ప్రాసెసర్ 16 కోర్లది తీసుకోండి. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సు ఎలాగూ కనీసం 16 కోర్లకు కొనాలి. 8 కోర్ల ప్రాసెసర్ కొన్నా లైసెన్సు డబ్బు తగ్గదు.

డిస్కులు ఎస్‌ఎస్‌డీలే పెట్టండి. సర్వర్ రకం 960 జీబీవి రెండు, రెయిడ్ 1లో, అంటే ఒకే డేటా రెండు డిస్కుల మీదా పడేలా. ఇళ్లలో వాడే చవక ఎస్‌ఎస్‌డీలకు కరెంటు పోయినప్పుడు చేతిలో ఉన్న డేటాను రాసేసే కెపాసిటర్లు ఉండవు, సర్వర్ రకంలో ఉంటాయి. పాత హార్డ్‌డిస్కుల మీద నడిపితే పొద్దున 10 గంటలకు అందరూ ఒకేసారి లాగిన్ అయినప్పుడు పావుగంట ఎవరికీ ఏమీ తెరుచుకోదు. రెయిడ్ ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదని మాత్రం అనుకోవద్దు. పొరపాటున చెరిపేసిన ఫైలును రెయిడ్ రెండు డిస్కుల మీదా బుద్ధిగా చెరిపేస్తుంది.

లైసెన్సుల లెక్క

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదవండి. 16 కోర్ల విండోస్ సర్వర్ స్టాండర్డ్ ఒకటి కొంటే ఆ పెట్టె మీద రెండు విండోస్ వీఎంలు నడుపుకోవచ్చు. కింద హోస్ట్‌గా అదే విండోస్‌ను వాడొచ్చు, కానీ అది వీఎంలను నడిపే పని మాత్రమే చేయాలి. హోస్ట్ మీద టాలీ ఇన్‌స్టాల్ చేసినా, ఫైల్ షేరింగ్ పెట్టినా ఆ రెండు వీఎంలలో ఒకదాని హక్కు పోతుంది.

దీనికి తోడు ఒక్కో మనిషికి రెండు రకాల క్యాల్‌లు (సర్వర్‌ను వాడుకునే హక్కు ఇచ్చే లైసెన్సులు) కావాలి. ఒకటి మామూలు విండోస్ సర్వర్ క్యాల్, రెండోది రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్‌ది, అంటే ఆర్‌డీఎస్ క్యాల్. 12 మందికి అవి 12, ఇవి 12. ఒకే సిస్టం మీద ఇద్దరు షిఫ్టుల్లో పనిచేస్తే డివైస్ క్యాల్ లాభం. ఒకే మనిషి ఆఫీసు సిస్టం, ఇంటి లాప్‌టాప్, ఫోను మూడూ వాడితే యూజర్ క్యాల్ లాభం. ఆర్‌డీఎస్ క్యాల్ వెర్షన్ సెషన్ హోస్ట్ వెర్షన్‌కు సమానంగానో అంతకన్నా కొత్తగానో ఉండాలి. 2019 క్యాల్‌లు 2022 సర్వర్ మీద చెల్లవు.

ఆర్‌డీఎస్ రోల్ వేశాక 120 రోజులు లైసెన్సు లేకుండానే అన్నీ బాగా నడుస్తాయి. వేసినవాళ్లు డబ్బు తీసుకుని వెళ్లిపోతారు, నాలుగు నెలలు ఎవరికీ ఏమీ తెలియదు. 121వ రోజు పొద్దున ఒక్కరికీ లాగిన్ అవదు. పని అప్పగించుకునేటప్పుడే ఆర్‌డీ లైసెన్సింగ్ డయాగ్నోజర్ తెరిపించి, క్యాల్‌ల సంఖ్య కళ్లతో చూసి మరీ సంతకం పెట్టండి.

టాలీప్రైమ్ సిల్వర్ ఒక్కరు వాడుకునేది. పదిమంది వాడాలంటే గోల్డ్ ఉండాలి. ఎంఎస్ ఆఫీసు విషయంలో షాపులో కొన్న రిటైల్ కీ సెషన్ హోస్ట్ మీద పనికిరాదు. వాల్యూమ్ లైసెన్సు కావాలి, లేదా షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ (ఒకే సర్వర్ మీద చాలామంది వాడుకునే హక్కు) ఉన్న మైక్రోసాఫ్ట్ 365 ప్లాను కావాలి. బిజినెస్ ప్రీమియంలో ఆ హక్కు ఉంది, బిజినెస్ స్టాండర్డ్‌లో లేదు.

మామూలు విండోస్ 11 మీదే చిన్న ప్యాచ్ వేసి పదిమందిని ఎక్కించే చిట్కా బజారులో తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఒప్పుకోవద్దు. అది లైసెన్సు ఉల్లంఘన. పైగా విండోస్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ తెగిపోతుంది. తెగకుండా ఉండాలని అప్‌డేట్లు ఆపేస్తారు, ఆ ఆపేసిన సిస్టమే తర్వాత రాన్సమ్‌వేర్‌కు (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌కు) ద్వారం తెరుస్తుంది.

హైపర్-వికి బదులు ప్రాక్స్‌మాక్స్ వాడొచ్చు. ఉచితం, గట్టిది, లైనక్స్ తెలిసినవాళ్లు ఉంటే హాయిగా నడుస్తుంది. అయితే దాని మీద నడిచే విండోస్ వీఎంలకు పైన చెప్పిన లైసెన్సులన్నీ మామూలే. ఆఫీసుకు వచ్చిపోయే టెక్నీషియన్‌కు విండోస్ మాత్రమే తెలిస్తే హైపర్-వి పెట్టుకోవడమే మేలని మా అభిప్రాయం.

వీఎంలు వేసే వరస

సర్వర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే బయోస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆన్ చేయండి. అక్కడే కరెంటు పోయి వచ్చాక పెట్టె తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా పెట్టండి. విండోస్ సర్వర్ 2022 గానీ 2025 గానీ వేసి, హైపర్-వి రోల్ కలపండి. నెట్‌వర్క్ పోర్టులు రెండుంటే ఒకటి హోస్ట్‌కు, ఒకటి వీఎంలకు. వీఎంల పోర్టు మీద ఎక్స్‌టర్నల్ రకం (ఆఫీసు నెట్‌వర్క్‌తో కలిపే) వర్చువల్ స్విచ్ సృష్టించండి. హోస్ట్‌లో యాంటీవైరస్ ఉంటే వీఎం డిస్కులున్న ఫోల్డర్‌ను స్కాన్ నుంచి మినహాయించండి. లేకపోతే ఒక్కోసారి వీఎం అసలు లేవదు.

మొదటి వీఎం డొమైన్ కంట్రోలర్. జనరేషన్ 2, రెండు వర్చువల్ ప్రాసెసర్లు, 6 జీబీ, 80 జీబీ డిస్కు. ఆర్‌డీ లైసెన్సింగ్ రోల్ కూడా దీని మీదే పెట్టొచ్చు. దీనికి హైపర్-వి ఇచ్చే టైమ్ సింక్ (గడియారం సరిచేసే పద్ధతి) తీసేసి, ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్‌ను చూపించండి. గడియారం 5 నిమిషాలకు మించి తేడా వస్తే డొమైన్ లాగిన్లు ఆగిపోతాయి.

రెండో వీఎం సెషన్ హోస్ట్. 12 వర్చువల్ ప్రాసెసర్లు, 48 జీబీ స్థిరమైన మెమరీ, విండోస్‌కు 150 జీబీ, డేటాకు వేరే డిస్కుగా 300 జీబీ. దీన్ని డొమైన్‌లో చేర్చాక సర్వర్ మేనేజర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ ఇన్‌స్టలేషన్, క్విక్ స్టార్ట్, సెషన్ ఆధారిత పద్ధతి ఎంచుకోండి. బ్రోకర్ (ఎవరిని ఏ సెషన్‌కు పంపాలో చూసేది), వెబ్ యాక్సెస్ (బ్రౌజరు నుంచి తెరిచే పేజీ), సెషన్ హోస్ట్ మూడూ ఈ వీఎం మీదికే వస్తాయి. ఇంత చిన్న ఆఫీసుకు అది చాలు.

డొమైన్ గొడవ ఎందుకని వర్క్‌గ్రూప్‌లోనే (డొమైన్ లేకుండా, విడి సిస్టంగా) ఉంచేసే వాళ్లున్నారు. వర్క్‌గ్రూప్‌లో యూజర్ క్యాల్‌లు చెల్లవు. విండోస్ సర్వర్ 2019 వెర్షన్ నుంచి ఇలా పెడితే లాగిన్ అయిన గంటకు సెషన్ తెగిపోతుందని హెచ్చరిక వచ్చి, నిజంగానే తెగిపోతుంది.

ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసేముందు సెషన్ హోస్ట్‌ను ఇన్‌స్టాల్ మోడ్‌లోకి మార్చాలి, అయ్యాక ఎగ్జిక్యూట్ మోడ్‌లోకి తేవాలి. కంట్రోల్ ప్యానెల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ మీద అప్లికేషన్ ఇన్‌స్టాల్ చేసే ఎంపిక నుంచి వెళ్తే ఇది దానంతట అదే జరుగుతుంది. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఇలా చేయకపోతే ఇన్‌స్టాల్ చేసినవాళ్లకే తెరుచుకుంటాయి, మిగతావాళ్లకు సెట్టింగులు దొరకవు.

తర్వాత హైపర్-విలో ప్రతి వీఎంకూ ఆటోమేటిక్ స్టార్ట్, స్టాప్ పద్ధతులు చూడండి. డొమైన్ కంట్రోలర్ వెంటనే లేవాలి, సెషన్ హోస్ట్ 180 సెకన్లు ఆగి లేవాలి. హోస్ట్ ఆగేటప్పుడు వీఎంలు సేవ్ అవడం కాకుండా షట్‌డౌన్ అయ్యేలా పెట్టండి. అప్‌డేట్‌కు ముందు చెక్‌పాయింట్ (వీఎం అప్పటి స్థితిని దాచే నకలు) తీసుకోవడం మంచి అలవాటే, కానీ పని అయ్యాక దాన్ని తీసేయాలి. మరిచిపోయిన చెక్‌పాయింట్ నెలల తరబడి పెరిగి డిస్కు నింపేస్తుంది. డిస్కు నిండగానే వీఎం ఆగిపోతుంది.

పూర్తి డెస్క్‌టాపా, ఒక్క టాలీనా

ఊళ్లు తిరిగే వాళ్లకు, ఇంటి నుంచి చేసే వాళ్లకు రిమోట్‌యాప్ ఇవ్వండి. అందులో టాలీ కిటికీ ఒక్కటే వాళ్ల సిస్టంలో ఉన్నట్లు తెరుచుకుంటుంది. రోజంతా సర్వర్ మీదే ఉండే బ్రాంచి క్లర్కులకు పూర్తి డెస్క్‌టాప్ సుఖం. రిమోట్‌యాప్‌లో ఎక్సెల్ ఇస్తే ఒక తికమక వస్తుంది. సేవ్ చేసిన ఫైలు తన లాప్‌టాప్‌లో ఉందనుకుని వెతుక్కుంటారు, అది సర్వర్ మీద ఉంటుంది.

డ్రైవ్ రీడైరెక్షన్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఇంటి లాప్‌టాప్ డిస్కులు సర్వర్ మీద కనిపిస్తాయి. డేటా బయటికి పోవడానికీ, వైరస్ లోపలికి రావడానికీ అదే దారి. పాస్‌వర్డ్ సేవ్ చేసే అవకాశమూ తీసేయండి. యాప్‌లాకర్‌తో ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ ఫోల్డర్లలో ఉన్నవి తప్ప ఇంకేవీ నడవకుండా చేస్తే డౌన్‌లోడ్స్‌లో పడ్డ చెత్త నడవదు. మీ బిల్లింగ్ ప్రోగ్రామ్ వేరే ఫోల్డర్‌లో ఉంటే దానికి వేరే రూల్ రాయడం మరవకండి.

బయటి నుంచి లోపలికి దారి

రౌటర్‌లో ఆర్‌డీపీ వాడే 3389 పోర్టు తెరిచి సర్వర్‌కు మళ్లించడం ఎంత తేలికో అంత ప్రమాదం. ఇంటర్నెట్ మొత్తాన్ని రాత్రింబవళ్లు స్కాన్ చేసే యంత్రాలకు ఆ పోర్టు చిక్కడం ఎంతోసేపు పట్టదు. తర్వాత పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ ఉంటాయి. పోర్టు నంబరు 3390కి మార్చినా స్కానర్లు కనిపెట్టేస్తాయి. సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరు (విఫలమైన లాగిన్) ఎంట్రీలు నిమిషానికి పదుల చొప్పున పడుతుంటే, మీ తలుపు ఎవరో కొడుతున్నారని అర్థం.

12 మందికి మేము సూచించేది వైర్‌గార్డ్ వీపీఎన్. సరైన కీ లేని ప్యాకెట్‌కు అది జవాబే ఇవ్వదు, కాబట్టి స్కానర్‌కు అక్కడ ఏమీ లేనట్లే ఉంటుంది. సర్వర్ మీద కాకుండా రౌటర్ మీద పెట్టండి. రౌటర్‌ఓఎస్ 7 ఉన్న మైక్రోటిక్ రౌటర్లలో ఇది ముందే ఉంటుంది. సర్వర్ పడిపోయిన రాత్రి కూడా రౌటర్ దాకా రాగలిగితే ఏమైందో చూడొచ్చు. బయటికి తెరవాల్సింది యూడీపీ 51820 ఒక్కటే. గుంటూరు బ్రాంచిలో ఇంకో మైక్రోటిక్ పెట్టి రెండింటినీ కలిపేస్తే అక్కడి సిస్టంలలో విడివిడిగా ఏమీ వేయక్కర్లేదు.

దీనికి స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ చిరునామా, కావాలి. రౌటర్‌లో కనిపించే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ఇంటర్నెట్ కంపెనీ మిమ్మల్ని సీజీనాట్ (చాలామందికి కలిపి ఒకే బయటి చిరునామా ఇచ్చే పద్ధతి) వెనుక పెట్టిందని అర్థం. ఎన్ని సెట్టింగులు మార్చినా బయటి నుంచి లోపలికి రాలేరు. స్టాటిక్ ఐపీ అడిగి తీసుకోండి. వీలుకాకపోతే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ సేవ వాడుకోండి, దానికి పోర్టు తెరవనక్కర్లేదు.

ఆఫీసు లోపలి చిరునామాలు 192.168.1 వరసలో ఉంటే ఇప్పుడే మార్చేయండి. ఇళ్లలోని చాలా రౌటర్లు అదే వరస వాడతాయి. జియో ఫైబర్‌ది 192.168.29. ఇంటిదీ ఆఫీసుదీ ఒకే వరస అయితే వీపీఎన్ కలిసినట్లే చూపిస్తుంది, సర్వర్ మాత్రం తెరుచుకోదు, ఎందుకంటే లాప్‌టాప్ ఆ చిరునామా కోసం ఇంట్లోనే వెతుకుతుంది. 10.47.20 లాంటి, ఎవరూ వాడని వరస ఎంచుకోండి. వైర్‌గార్డ్‌లో అనుమతించిన చిరునామాల దగ్గర ఆఫీసు వరస మాత్రమే రాయండి. అంతా అని రాస్తే ఉద్యోగి ఇంట్లో చూసే సినిమా కూడా మీ ఆఫీసు లైన్ మీదుగా పోతుంది.

ఫోన్ హాట్‌స్పాట్ మీద లాగిన్ అయ్యాక నల్ల తెర వచ్చి ఆగిపోతే, చాలాసార్లు కారణం ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్‌కు పెట్టిన గరిష్ఠ సైజు. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది. దాన్ని 1280కి తగ్గించి చూడండి. దారి మూసుకుపోకుండా పలకరించే కీప్‌అలైవ్ 25 సెకన్లు పెట్టండి. అడ్మిన్ హక్కుల్లేని ఉద్యోగి వైర్‌గార్డ్‌ను ఆన్ చేయలేడు. అతన్ని నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్ గ్రూపులో చేర్చి, పరిమిత ఆపరేటర్ రిజిస్ట్రీ కీని 1 చేయాలి. ఈ ఒక్క పని కోసం అందరికీ అడ్మిన్ హక్కులు ఇచ్చేస్తే మిగతా జాగ్రత్తలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

లైన్ స్పీడులో చూడాల్సింది ఆఫీసు వైపు అప్‌లోడ్. ఒక్కో మనిషికి 300 కేబీపీఎస్ అనుకుంటే 12 మందికి దాదాపు 4 ఎంబీపీఎస్, ప్రింట్లు కలిపితే 10 ఉంచుకోండి. రెండో లైను వేరే కంపెనీది, వేరే దారిలో వచ్చేది పెట్టండి. ఒకే స్తంభం మీద నుంచి వచ్చే రెండు లైన్లు రోడ్డు తవ్వకంలో కలిసే తెగుతాయి. వైర్‌గార్డ్‌లో రెండో ఐపీతో రెండో టనెల్ (వీపీఎన్ దారి) కూడా ముందే ఇచ్చి ఉంచాలి, లేకపోతే లైన్ మారినా ఉద్యోగులకు దారి తెలియదు.

ప్రింటర్, డీఎస్‌సీ (డిజిటల్ సంతకం)

మొదటి వారంలో వచ్చే ఫోన్లలో ఎక్కువ ఈ రెండింటి గురించే.

బ్రాంచిలో మూడు కాపీల బిల్లు కొట్టే డాట్ మాట్రిక్స్ ప్రింటర్ ఉంటుంది. ఆర్‌డీపీలో ఈజీ ప్రింట్ అనే పద్ధతి ప్రతి ప్రింటునూ బొమ్మగా మార్చి పంపిస్తుంది. లేజర్‌కు ఇబ్బంది లేదు. డాట్ మాట్రిక్స్ మాత్రం అక్షరాలు కొట్టడం మాని ఒక్కో గీతే గీసుకుంటూ పోతుంది. క్షణాల్లో రావలసిన బిల్లుకు నిమిషాలు పడుతుంది, అక్షరాలూ మసగ్గా వస్తాయి. కౌంటర్ దగ్గర లారీ డ్రైవరు నిలబడి ఉంటాడు. గ్రూప్ పాలసీలో ప్రింటర్ రీడైరెక్షన్ కింద ఈజీ ప్రింట్ డ్రైవర్‌ను ముందుగా వాడే సెట్టింగ్‌ను డిజేబుల్ చేయండి. బ్రాంచి సిస్టంలో ఉన్న డ్రైవర్‌నే, అదే పేరుతో, సర్వర్ మీద కూడా వేయండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ప్రింటర్ కనిపించదు. అక్షరాలు మాత్రమే కొట్టే పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అయితే రెండు వైపులా జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్ వేస్తే ఇంకా వేగం.

డీఎస్‌సీ ఉండే యూఎస్‌బీ టోకెన్ సంగతి ఇంకా వింతగా అనిపిస్తుంది. సర్వర్ పెట్టెకే టోకెన్ గుచ్చి, రిమోట్ సెషన్‌లో చూస్తే టోకెన్ లేదంటుంది. అది చెడిపోలేదు. ఆర్‌డీపీ సెషన్‌లో స్మార్ట్‌కార్డు (విండోస్ లెక్కలో ఈ టోకెన్ కూడా అదే) కోసం అడిగే ప్రతి ప్రశ్నా మనిషి ముందున్న లాప్‌టాప్‌కే మళ్లుతుంది, సర్వర్‌కు గుచ్చిన దాన్ని విండోస్ చూడనే చూడదు. లాప్‌టాప్‌కు గుచ్చితే కనిపించవచ్చు, కానీ సంతకం చేసే ఎమ్‌సైనర్ లాంటి ప్రోగ్రాము ఒకే పోర్టు మీద వింటుంది కాబట్టి సర్వర్ మీద ఇద్దరు ఒకేసారి తెరిస్తే కొట్టుకుంటాయి. అందుకే జీఎస్టీ, ఇన్‌కంటాక్స్, టెండర్ల సంతకాలు ఎవరి సొంత సిస్టంలో వాళ్లు, సెషన్ బయట చేసుకోవాలి.

టాలీలో పోర్టు 9000 తెరవలేకపోయామని వచ్చే సందేశానికీ కారణం ఇలాంటిదే. ఒక సర్వర్ మీద పది టాలీలు అదే పోర్టు అడుగుతాయి. కనెక్టివిటీ సెట్టింగ్‌లో టాలీని సర్వర్‌గా నడవకుండా పెడితే పోతుంది. ఇంకో సాఫ్ట్‌వేర్ ఆ పోర్టు ద్వారా టాలీతో మాట్లాడుతుంటే ఒక్క యూజర్‌కు మాత్రం ఉంచండి.

తెగిన సెషన్ల గురించి ఒక మాట. టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్ తెరిస్తే సాయంత్రానికి సగం పేర్ల పక్కన డిస్‌కనెక్టెడ్ అని ఉంటుంది. కిటికీ మూసేసి వెళ్లారు తప్ప సైన్ అవుట్ కాలేదు. లోపల టాలీ తెరిచే ఉంటుంది, ఎవరో సగంలో వదిలిన వోచర్‌తో సహా. తెగిన సెషన్ 3 గంటల తర్వాత ముగిసేలా పాలసీ పెట్టండి. అరగంట అని పెడితే గుంటూరులో కరెంటు పోయినప్పుడల్లా పని పోతుంది. అసలు పరిమితే పెట్టకపోతే వారానికల్లా ర్యామ్ నిండిపోతుంది.

కరెంటు, ఎండ, నీళ్లు

ఇన్వర్టర్ మీద సర్వర్ పెట్టకండి. ఆన్‌లైన్ యూపీఎస్ కావాలి. సర్వర్ 220 వాట్లు, రౌటర్, స్విచ్, ఫైబర్ బాక్సు 40, మొత్తం 260 అనుకుందాం. 1 కేవీఏ యూపీఎస్‌కు 12 వోల్టుల 42 ఏహెచ్ బ్యాటరీలు మూడు పెడితే 1512 వాట్ అవర్లు. చేతికి దక్కేది అందులో 1000. అంటే మూడున్నర గంటలకు పైనే, బ్యాటరీ కొత్తగా ఉన్నంతకాలం. యూపీఎస్ నుంచి యూఎస్‌బీ వైరు సర్వర్‌కు కలిపి, చార్జి 30 శాతానికి పడిపోగానే షట్‌డౌన్ అయ్యేలా సాఫ్ట్‌వేర్ వేయండి. బ్రాంచిలో ఫైబర్ బాక్సుకూ బ్యాకప్ ఉండాలి. సిస్టం వెలుగుతున్నా ఆ చిన్న డబ్బా ఆరిపోతే సర్వర్ అందదు.

చాలా సర్వర్లు ముందువైపు గాలి 35 డిగ్రీల దాకానే తట్టుకునేలా చేసినవి. మే నెలలో ఏసీ ఆపి ఆఫీసు మూసేసి వెళ్తే గది దాన్ని దాటేస్తుంది. రెండు ఏసీలు పెట్టి, టైమర్‌తో ఒకదాని తర్వాత ఒకటి నడపండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల మీద 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది, కాబట్టి బ్యాటరీలూ చల్లని గదిలోనే ఉండాలి. మిర్చి యార్డు దగ్గరి ఆఫీసుల్లో సీజన్‌లో ఎర్రటి దుమ్ము ఫ్యాన్ రెక్కలకు, హీట్‌సింక్ సందుల్లోకి పేరుకుంటుంది. సీజన్ నెలల్లో 15 రోజులకోసారి ఫిల్టర్ తీసి దులపాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. సర్వర్ మొదటి అంతస్తులోనో ఆ పైనో ఉండాలి. యూపీఎస్, బ్యాటరీలు కూడా. బ్యాకప్ డిస్కు ఒకటి ఎప్పుడూ వేరే ఊళ్లో ఉండాలి. గుంటూరు బ్రాంచి ఉన్నవాళ్లకు అందుకు వేరే చోటు వెతుక్కునే పని లేదు.

బ్యాకప్, మనిషి మానేసినప్పుడు

వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కమ్యూనిటీ ఎడిషన్ 10 మెషిన్ల దాకా ఉచితం. రాత్రి 11కు రెండు వీఎంలనూ నెట్‌వర్క్ స్టోరేజి మీదికి తీయండి. ఆ స్టోరేజిని డొమైన్‌లో చేర్చకండి, వేరే పాస్‌వర్డ్ ఉంచండి. రాన్సమ్‌వేర్ అడ్మిన్ పాస్‌వర్డ్ దొరికించుకుంటే మొదట చెరిపేది బ్యాకప్‌లనే. రెండు యూఎస్‌బీ డిస్కులు వారం మార్చి వారం వాడండి, ఒకటి ఎప్పుడూ వైరు తీసేసి బయట ఉండాలి. కంపెనీలకైతే ఖాతా పుస్తకాల బ్యాకప్ భారతదేశంలోని సర్వర్ మీద రోజూ ఉండాలని 2022 నుంచి నిబంధన ఉంది. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలని 2022 ఏప్రిల్‌లో సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సర్ట్-ఇన్ ఆదేశించింది. విండోస్ సెక్యూరిటీ లాగ్ మామూలుగా 20 ఎంబీయే ఉంటుంది, అది కొద్ది రోజుల్లోనే నిండి పాతది చెరిగిపోతుంది. సైజు పెంచి, నెలనెలా బయటికి తీసి పెట్టండి.

ఉద్యోగి మానేసిన రోజు మూడు పనులు, ఈ వరసలోనే: రౌటర్‌లో అతని వైర్‌గార్డ్ కీ తీసేయాలి, డొమైన్‌లో అకౌంటు డిజేబుల్ చేయాలి, టాస్క్ మేనేజర్‌లో అతని సెషన్‌ను సైన్ అవుట్ చేయాలి. అకౌంటు ఆపినంత మాత్రాన అప్పటికే తెరిచి ఉన్న సెషన్ ఆగదు. లాప్‌టాప్ పోయిందని ఫోన్ వచ్చినా ఇంతే, అకౌంటు ఆపే బదులు పాస్‌వర్డ్ మార్చాలి.

అందరినీ ఒకేరోజు మార్చకండి. మొదటి వారం బ్రాంచి నుంచి ఒకరు, ఇంటి నుంచి ఒకరు. 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుల గడువులు ఉంటాయి కాబట్టి మిగతావాళ్లను 21 తర్వాత ఎక్కించండి. ఎక్కించేముందు ఒకసారి బ్యాకప్ నుంచి సెషన్ హోస్ట్‌ను వేరే పేరుతో తిరిగి లేపి చూడండి. లేపేటప్పుడు దాని వర్చువల్ నెట్‌వర్క్ కేబుల్ తీసేసి ఉంచాలి. వీఎంకు వేరే పేరు పెట్టినా లోపలి విండోస్ పేరు పాతదే కాబట్టి, లేకపోతే ఒకే పేరు, ఒకే చిరునామాతో రెండు సర్వర్లు నెట్‌వర్క్ మీదికి వచ్చి నడుస్తున్నదాన్ని కూడా పడగొడతాయి. నెట్‌వర్క్ లేకుండా హైపర్-వి కన్సోల్‌లోనే లోకల్ అడ్మిన్‌తో లాగిన్ అయి టాలీ తెరవండి. లైసెన్సు దొరక్క ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకున్నా ఫర్వాలేదు, డేటా కనిపిస్తుంది. నిన్నటి చివరి వోచర్ నంబరు, క్యాష్ లెడ్జర్ బ్యాలెన్సు రెండూ కాగితం మీద రాసుకున్న అంకెలతో సరిపోయాయో లేదో చూసి, లేపడానికి ఎంతసేపు పట్టిందో ఆ కాగితం మీదే రాసి సర్వర్ తలుపుకు అంటించండి.